'కట్' ఎవరు చెప్పాలి

"చచ్చేవాడు అరవడండీ," అంది హిల్డా.

సెట్ మీద అందరూ ఆమె వైపు తిరిగారు.

హిల్డా మార్స్‌డెన్ అరవై దాటిన శాస్త్రవేత్త. అంతరిక్షం మీద తీసే సినిమాలో తప్పులు దొర్లకుండా చూడమని లండన్ శివార్లలోని ఆ స్టూడియోకి పిలిపించారు. వచ్చిన రోజు నుంచీ దర్శకుడు రోరీకి ఆమె కొరకరాని కొయ్య అయింది.

"అరవకపోతే ఏం చేస్తాడు మేడమ్? పాట పాడతాడా?"

"గాలి లేనిచోట ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది? నాలుక మీద తడి మరుగుతుంది. పది పదిహేను సెకన్లలో తెలివి తప్పుతుంది. మొహం మాత్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది."

"చచ్చినవాళ్లొచ్చి మీ చెవిలో చెప్పారా?"

అంతా నవ్వారు. హిల్డా నవ్వలేదు.

కథ నలభై ఏళ్ల కిందటి ఒక ప్రమాదం. గాలి తోడేసిన ఇనుప గదిలో, వ్యోమగాముల సూటు తొడుక్కుని ఒక కుర్రాడు పరీక్షకు నిలబడ్డాడు. సూటు చిరిగింది. బయట, గదిలోకి గాలి వదిలే వాల్వు దగ్గరున్న అమ్మాయి, పై అధికారి చెప్పందే తిప్పకూడదని రెండు నిమిషాలు ఆగింది. కుర్రాడు పోయాడు.

"ఆ పిల్లే నా విలన్," అన్నాడు రోరీ. "గది కిటికీ అద్దంలోంచి చూస్తూ నిలబడింది, రాక్షసి. దాని మొహం తెర మీద కనబడితే జనం ఉమ్మెయ్యాలి."

హిల్డా స్క్రిప్టంతా ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చింది. ఆ అమ్మాయి ఉన్న పేజీల మీద మాత్రం ఒక్క గీతా లేదు.

"వీటిలో తప్పుల్లేవా?"

"లేవు. అలాగే ఉంచండి."

కాలమ్ అనే నటుడు సూటు తొడుక్కుని ఇనుప గది సెట్‌లోకి వెళ్లాడు. హెల్మెట్ బిగించేస్తే ఊపిరికి ఆధారం వీపు వెనకున్న చిన్న ఫ్యానే. శబ్దం లేని సీను కనక లోపలి మైకు కట్టేశారు.

"ఊపిరాడకపోతే పిడికిలి ఎత్తుతా," అన్నాడు కాలమ్.

"చెయ్యి లేవకపోతేనో?" అడిగింది హిల్డా.

"భయపెట్టకండి మేడమ్. సాయంత్రం ఇంటికెళ్లి మా పాపకి స్నానం చేయించాలి."

ఆమె రోరీ వైపు తిరిగింది. "మధ్యలో ఆపాల్సొస్తే ఎవరు చెప్పాలి?"

"నేనే. 'కట్' అన్న మాట నా నోట్లోంచే రావాలి. రాజుగారొచ్చినా సరే."

హిల్డాకి ఆ గది కిటికీ అద్దం ముందు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. వెళ్లి తలుపు గడియ పక్కన నిలబడింది.

కెమెరా తిరిగింది.

కాలమ్ మోకాళ్ల మీద కూలాడు. వేళ్లు ఇనుప గోడను గీకి, ఆగిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. మొహంలో ఏ బాధా లేదు. సెట్ మీద యాభై మంది ఉన్నా పైకప్పు మీది వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

హెల్మెట్ అద్దం మీద సన్నగా ఆవిరి పట్టింది.

"అబ్బ, ఏం నటిస్తున్నాడ్రా," అని గొణిగాడు రోరీ. "ఎవరూ కదలొద్దు."

"ఫ్యాను తిరుగుతుంటే అద్దానికి ఆవిరి పట్టదు," అంది హిల్డా.

"ష్..."

"కట్."

ఎవరూ కదల్లేదు. యాభై మందీ రోరీ మొహమే చూస్తున్నారు.

"ఎవరది కట్ అన్నది?"

అప్పటికే ఆమె గడియ లాగేసి లోపల ఉంది. హెల్మెట్ ఊడదీసింది. కాలమ్ పెదాలు నీలం తిరిగాయి. ఫ్యాను వైరు ఊడి వేలాడుతోంది.

చాలాసేపు అతను అలాగే పడి ఉన్నాడు. ఇందాక నటించిన మొహమే, ఇసుమంత తేడా లేదు. 

చివరికి దగ్గాడు.

"నిద్రొచ్చినట్టయింది," అన్నాడు నీరసంగా. "పిడికిలి ఎత్తాననే అనుకున్నా."

రోరీ తేరుకుని చూసేసరికి హిల్డా లేదు. గేటు దాకా వానలో పరిగెత్తాడు. ఆమె ఎక్కిన బస్సు అప్పుడే మలుపు తిరిగింది.

ఫోన్ నంబరు దొరుకుతుందేమోనని ఆమె సెట్ మీద మరిచిపోయిన ఫైలు తెరిచాడు. అందులో ఆ పాత ప్రమాదం మీద జరిగిన విచారణ నివేదిక ఉంది. సినిమావాళ్లకి ఇచ్చిన నకలులో పేర్లన్నీ నల్లసిరాతో కొట్టేశారు. ఇది అసలు ప్రతి.

రోరీ చూపు ఒక వరస మీద ఆగిపోయింది.

'ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ వాల్వు దగ్గర రెండు నిమిషాలు నిలబడిపోయిన ఉద్యోగిని: హిల్డా మార్స్‌డెన్, వయసు ఇరవై మూడు.'