మెట్లదారిలో తీగ

ఈస్టర్‌కి మెట్లదారికి రంగు వేయిస్తూ, కిటికీలోంచి వేలాడుతున్న తీగను నెవెనా తనే కత్తిరించింది.

ఆ అపార్ట్‌మెంట్ బ్లాకువాళ్ళు తమ పెద్దగా ఎన్నుకున్నది ఆమెనే.

సాయంత్రం పై అంతస్తు యాసెన్ తలుపు తట్టాడు. చలికాలంలో అద్దెకు దిగిన ముసలాయన.

"అది నా ఇంటర్నెట్ తీగ, తల్లీ. ఎదురు బ్లాకువాళ్ళు ఇచ్చారు."

"అందరం కలిసి తీర్మానించాం పెద్దాయనా. బట్టలారేసే తాడులా ఏం బావుంది చెప్పండి?"

"కొత్తది పెట్టేవాడు నెల దాటితే గానీ రాడట. లిఫ్టు పనిచేయదు, ఈ మోకాళ్ళతో నేనెక్కడికి దిగను? నాకోసం ఎదురుచూసేవాళ్ళున్నారు."

"ఎవరు, మీ బాల్కనీలో పావురాలా?"

రంగు వేసేవాడు పకపకా నవ్వాడు. యాసెన్ కూడా నవ్వేసి, మెట్ల కడ్డీ పట్టుకుని మెల్లగా పైకెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా నెవెనా కూతురు కాలినా అంధుల బడి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. చివరి పరీక్ష దగ్గర పడింది. లెక్కల్లో గట్టెక్కితేనే యూనివర్సిటీ.

"అమ్మా, కొత్త కంప్యూటర్‌లో ప్రోగ్రాం వర్గమూలాల్ని మింగేస్తోంది," అంది ఇయర్‌ఫోన్లు తీయకుండానే.

లెక్కల్ని బల్గేరియన్‌లో చదివి వినిపించే ప్రోగ్రాం అదొక్కటే. ఎవరో గణితశాస్త్రవేత్త తయారుచేసి, దానికి తన గొంతే ఇచ్చి, అందరికీ ఊరికే పంచిపెట్టాడు. పరీక్ష కూడా దానితోనే రాయాలి.

"ఆయనకే రాయకూడదూ?"

"రోజూ రాస్తున్నా. ఇదివరకు పొద్దున చెప్తే సాయంత్రానికి సరిచేసి పంపేవాడు. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు."

"ఊరికే ఇచ్చేవాళ్ళింతే. మనం గట్టిగా అడగలేమని ధీమా."

నెవెనా బడికి ఫోన్ చేసింది. విద్యాశాఖకి చేసింది. తయారుచేసినాయన్నే అడగమన్నారు.

ఆ శుక్రవారం యాసెన్ గుండె ఆగి పోయాడు. బ్లాకు తలుపుకి చావుకబురు చెప్పే నల్ల అంచు కాగితం అతికించే పని నెవెనా మీదే పడింది.

"ఏం చేసేవాడని రాద్దాం?" అడిగింది పక్క ఫ్లాటు స్టానా.

"ఏం చేసేవాడో ఎవరు చూశారు? పేరూ, వయసూ చాల్లే."

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం కాలినా బల్ల మీద తల వాల్చేసింది.

"ఏదీ, నన్ను విననీ. అది వదిలేసింది నేను చూసి చదువుతాను," అంది నెవెనా.

"రేపు హాల్లో నువ్వుండవు కదమ్మా."

 నెవెనా ఇయర్‌ఫోన్లు తీసుకుని తన చెవుల్లో పెట్టుకుంది.

తలుపు దగ్గర నిలబడి బతిమాలినప్పటంత నెమ్మదిగా, యాసెన్ లెక్క చదువుతున్నాడు.