ప్రేమదాసు ముక్కు

“నాన్నా, పాలు మాడిపోతున్నాయి. పక్కనే కూర్చుని చూసుకోవేంటి?”

జాయిస్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి గిన్నె దించింది. ప్రేమదాసు ఉలిక్కిపడ్డాడు.

“నీ పొర గురించే ఆలోచిస్తున్నానమ్మా. మట్టిలో కలిసిపోయేది నీళ్లనేం కాపాడుద్దీ అని.”

నీళ్లు వడగట్టే ఆ పొరను జాయిస్ విజయవాడ కాలేజీ ల్యాబులో, మొక్కజొన్న పిండి నుంచి తీసిన పాలిమర్‌తో చేసింది. నీళ్లలో కలిసిన సాల్వెంటు రసాయనాన్ని అది విడదీస్తుంది. వాడి పారేస్తే మట్టయిపోతుంది.

జగ్గయ్యపేట దగ్గర మందుల ఫ్యాక్టరీలో ప్రేమదాసు డ్రమ్ములు కడిగేవాడు. మూత తీసి ఒక్కసారి పీల్చి, లోపలున్నది ఏ సాల్వెంటో చెప్పేసేవాడు. ఊళ్లో ముక్కు ప్రేమదాసంటేనే తెలుస్తుంది. అన్నం పెట్టిన ఆ ఫ్యాక్టరీయే నీళ్లు లాగేసుకుంది. సాల్వెంటు భూమిలోకి ఇంకి, అతను తన చేత్తో తవ్వుకున్న బావిలోకి వచ్చింది. బావి మీద రేకు కప్పిన రోజు అతను అన్నం ముట్టలేదు. ఆ దిగులు చూసే జాయిస్ ఈ పని పట్టుకుంది.

వడగట్టిన బావి నీళ్లు గ్లాసులో పోసి తండ్రి చేతికిచ్చింది.

“నాకేమో లీలగా వాసనొస్తున్నట్టే ఉంది నాన్నా. రోజూ ల్యాబులో తిరిగే ముక్కు, నమ్మలేను. నువ్వు చెప్పు. ఉందంటే మళ్లీ మొదట్నించీ చేస్తా.”

ప్రేమదాసు వీధి వైపు వీపు పెట్టి కూర్చుని, గట్టిగా పీల్చాడు. కూతురి మొహంలోకి చూశాడు. నిద్రల్లేక కళ్లు లోతుకు పోయాయి.

“ఏ వాసనా లేదు తల్లీ.”

“నా కోసం చెప్పట్లేదు కదా?”

అప్పుడే వీధిలోంచి తల్లి బేబి కేకేసింది. “జాయిసూ, నందిగామ నుంచి పూలు తెచ్చానే, నీకూ నాకూ.”

“నా ముక్కుకే పరీక్షా? మీ అమ్మ గుమ్మం ఎక్కకముందే మల్లెల వాసన గుప్పున కొట్టింది,” అన్నాడు ప్రేమదాసు.

జాయిస్ కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. “తాగకు నాన్నా, రిపోర్టు రానీ,” అనేలోపే అతను గ్లాసు ఖాళీ చేశాడు.

“మన బావి నీళ్లేనమ్మా,” అన్నాడు.

బేబి లోపలికొచ్చి పొట్లం విప్పింది.

అన్నీ కనకాంబరాలే.