తలుపేసుకుని చేసే ప్రార్థన

కోడలు ప్రార్థన చేస్తుంటే కొమురమ్మకు ఒళ్లు మండేది.

అదీ ఒక ప్రార్థనేనా? పొయ్యి మీద చాయ్ మరుగుతుంటుంది. చేతిలో ఉల్లిగడ్డ ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి. "ప్రభువా, ఈ దినం గూడ నడిపియ్యి" అంటుంది బేబీ. అయిపోయింది. ఆటోవాడికి తోవ చెప్పడానికైనా ఇంతకన్నా ఎక్కువ మాటలు పడతాయి. తర్వాత టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకుని, లక్క గాజులకు రాళ్లు అతికించే పనికి హుస్సేనీ ఆలం వెళ్లిపోతుంది. మోకాలు నేలకు ఆనదు, కొంగు నెత్తి మీదికి రాదు.

ప్రార్థనంటే తన కొడుకుది.

హైదరాబాద్ పాతబస్తీలో, ఛత్రినాకలో వాళ్లది రెండు గదుల ఇల్లు. తెల్లవారుజామున మసీదులో అజాన్ అయ్యీ కాకముందే నందు బైబిలు చంకలో పెట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. తలుపేసుకుని రహస్యంగా అడగమన్నాడు కదా ప్రభువు. నందు ఆ మాట పొల్లు పోనివ్వడు. ఆషాఢంలో గల్లీ నిండా బోనాల డప్పులు మోగినా, ఒళ్లు జ్వరంతో కాగినా, ఆ తలుపు పడాల్సిందే. ఎండెక్కేదాకా బయటికి రాడు. ఓ మూలుగో, ఓ వెక్కో వినపడుతుంది, అంతే.

"నా కొడుకు మోకాళ్లు కాయలు కాసినయ్" అని కొమురమ్మ పంపు కాడ అందరికీ చెప్పుకునేది. పాస్టరుగారు కూడా నందును 'ప్రార్థనా వీరుడు' అన్నారు మరి.

ఇంత చేసినా నందుకు నౌకరీ రాలేదు. అదేం చిత్రమో, ప్రతిదీ నోటిదాకా వచ్చి జారిపోయేది. మాల్‌లో వాచ్‌మన్‌గా చేరమన్నారు. చేరే రోజు ఓనర్లయిన అన్నదమ్ములు కొట్టుకుని షటర్ దించేశారు. స్కూలు బస్సుకు మనిషి కావాలన్నారు. ఆ వారమే బస్సు అమ్మేశారు. సైదాబాద్‌లో కొరియర్ ఆఫీసువాళ్లు పిలిస్తే, పోయి చూసేసరికి బోర్డు కూడా లేదు.

ఇదంతా సైతాను పనేనని కొమురమ్మ తేల్చింది. సైతానుకు దారి ఇచ్చింది ఎవరు? ఇంకెవరు, కోడలే. కుండకు చిల్లు ఉంటే ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం?

పోయిన ఆదివారం సంఘం ముందర సాక్ష్యం చెప్పడానికి లేచి, అందరూ వింటుండగా అడిగింది. "నా కోడలు బేబీకి విశ్వాసం తక్కువ. ఆమె కోసం ప్రార్థన చెయ్యున్రి."

ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. బేబీ ఒళ్లో కూతుర్ని సర్దుకుంటూ తల వంచుకుంది. సిగ్గు తెలిసింది, మంచిదే అనుకుంది కొమురమ్మ.

నిన్న సాయంత్రం బేబీ పని నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా చెప్పింది.

"అత్తమ్మా, దస్తగీర్ భాయ్ ఒప్పుకుండు. టెంట్ హౌస్ గోదాంల కూసొని సామాన్లు చూసుకునే పని. రేపు పది గంటలకు రమ్మన్నడు."

దస్తగీర్ పెళ్లిళ్లకు కుర్చీలు, వంట డేగిశాలు అద్దెకిచ్చే పెద్దమనిషి. బేబీ ఆయన భార్యను నెలల తరబడి బతిమాలింది.

"చూసినవా, నా కొడుకు ప్రార్థన ఊకెనే పోలే" అంది కొమురమ్మ.

బేబీ చెప్పులు విడిచి, గోడకు ఆనుకుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఇది గూడ పోతే పిల్లను తీస్కొని మా తల్లిగారింటికి పోత అత్తమ్మా. మల్ల రాను. నాతోని అయితలేదు."

మనవరాలు లేని ఇల్లు కొమురమ్మ ఊహకు అందలేదు. కానీ కోడలి ముందు తగ్గడమా?

"గిట్ల బెదిరిచ్చుడు గాదు. మోకాళ్ల మీద కూసొని అడుగు. నీ నోట్లకెళ్లి ఎన్నడన్న నాలుగు మంచి మాటలు దేవునికి చేరినయా?"

నందు అంతా విన్నాడు. అన్నం తిని, తొందరగా పడుకున్నాడు.

పొద్దున అజాన్‌కు ముందే లోపలి గది తలుపు పడింది. రోజూకన్నా మూలుగు గట్టిగానే వినపడుతోంది. పాపం బిడ్డ, ఎంత కొట్టుకుంటున్నాడో అని కొమురమ్మ కళ్లు చెమర్చాయి. ఇంత పెద్ద భారం వాడొక్కడే ఎందుకు మొయ్యాలి? ఇద్దరు ఏకమై అడిగితే తప్పక జరుగుతుందని వాక్యంలోనే ఉంది. వాడు లోపల అడుగుతుంటే తను బయట నుంచి ఆమేన్ అంటే చాలు.

నెత్తి మీద కొంగు కప్పుకుని తలుపు ముందర మోకరించింది. పొయ్యి దగ్గరున్న కోడల్ని చేత్తో పిలిచింది.

"ఇటు రా. ప్రార్థన ఎట్ల చేస్తరో ఇను. విని నేర్సుకో."

బేబీ స్టవ్ తగ్గించి వచ్చి, ఆమె పక్కనే మోకరించింది. అత్తాకోడళ్లిద్దరూ తలుపుకు చెవులు ఆనించారు.

లోపల నందు వెక్కుతూ అడుగుతున్నాడు: "ప్రభువా, ఇన్ని దినాలు నేనడిగినట్టే ఒక్క నౌకరీ గూడ నా మీద పడనియ్యలే, ఈ దస్తగీర్ భాయ్ నౌకరీ గూడ గట్లనే తప్పియ్యి తండ్రీ."