నలభై రెండు పైన్ చెట్లు

“ఆ రంగు డబ్బా చెట్టు దగ్గరికి తెచ్చావంటే నీ నెత్తిమీదే కుమ్మరిస్తా,” అన్నాడు ముసలాయన.

నరకాల్సిన చెట్లకి గీత పెట్టే ఆ డబ్బాను వెర్లీన్ దించలేదు. రాష్ట్ర అటవీ శాఖలో పద్నాలుగేళ్ళ ఉద్యోగం ఆమెది. అలబామా రైతుల తిట్లలో ఆమె విననివి పెద్దగా మిగల్లేదు.

“మెక్‌రే గారూ, రమ్మని మా ఆఫీసుకి ఫోన్ చేసింది మీరే కదండీ?”

“చూసిపొమ్మన్నా. నరకమన్నానా?”

“చూశాను. మీరూ చూడండి.”

ఆమె వేలు పెట్టిన చోట, బెరడు మీద పేలాల్లా తెల్లటి జిగురు ముద్దలు. చాకుతో బెరడు లేపింది. లోపల బియ్యపు గింజ కన్నా చిన్న నల్ల పురుగులు కదులుతున్నాయి.

“ఈ వారంలో పడగొట్టకపోతే తోట మొత్తం పోతుంది. అరవై చెట్లు తీసేయాలి.”

“అరవయ్యా! మీ గవర్నమెంటోళ్ళకి లెక్కలు ఎవడు నేర్పాడు? ముప్పై.”

“బేరాలు పురుగుతో ఆడుకోండి, నాతో కాదు.”

“పురుగే నయం. ఫారాలు నింపమనదు.”

ఆమెకు నవ్వొచ్చింది. ఇద్దరూ తోటంతా తిరిగారు. ఆమె ఒక్కో చెట్టూ చూపిస్తుంటే ఆయన ఒక్కోదానికీ అడ్డుపడ్డాడు.

“ఇది సుడిగాలికి వంగి మళ్ళీ లేచింది. ముట్టుకోకు.”

“పురుగు ముట్టుకుందండీ.”

“సరే, ఏడువు. మరి అదో? దాని కింద కూర్చునే డోరిస్ పల్లీలు వలిచేది.”

“డోరిస్ ఎవరండీ?”

“ఈ ఇంటి ఇల్లాలు. పోయి ఆరేళ్ళయింది.”

వెర్లీన్ ఆ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగింది. మోకాళ్ళ మీద కూర్చుని మొదలంతా తడిమింది. “దీనికేం లేదు. ఉంచేద్దాం,” అంది. ఆయన గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

తోట చివర ఇనుప తీగల కంచె వచ్చింది.

“అవతల తోట ఎవరిదండీ? వాళ్ళకీ చెప్పాలి.”

“ల్యాంబర్ట్ అని ఒక దున్నపోతుది. పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. వాడి పందులు ఇటొచ్చి కూరగాయల మళ్ళన్నీ కుళ్ళబొడిచాయి. తప్పయిందని ఒక్క ముక్క అన్లేదు.”

“ఎందుకనలేదు?”

“పొగరు.” వదులైన కంచె తీగను మేకుకి బిగిస్తూ అన్నాడు, “ఈపాటికి తగ్గుంటుందిలే.”

మధ్యాహ్నానికి నలభై రెండు చెట్ల మీద నీలం గీతలు పడ్డాయి. కొట్టేవాళ్ళను తనే పిలిపిస్తానంది వెర్లీన్. చలికాలంలో శాఖ నర్సరీ నుంచి కొత్త మొక్కలు పంపిస్తామంది.

“గట్టి మొక్కలే పంపండి. పోయినసారి మీవాళ్ళిచ్చినవి చీపురుపుల్లల్లా ఉన్నాయి,” అన్నాడాయన, ఈసారి తిట్టులో పస లేకుండా.

కంచె పక్కన ఆపిన జీపు ముందు భాగం మీద ఆమె ఫారం పరిచి కలం ఇచ్చింది. “ఇక్కడ సంతకం పెట్టండి, మెక్‌రే గారూ.”

ఆయన కలం పట్టుకుని చాలాసేపు కాగితం వంక చూశాడు. తర్వాత కలం తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

“దీన్ని జిల్లా ఆసుపత్రికి పట్టుకెళ్ళమ్మా. రెండో అంతస్తు. తుంటి విరిగి నెల్లాళ్ళుగా పడున్నాడు. నర్సుల్ని తిట్టే గొంతు ఏ గదిలోంచి వినిపిస్తే అదే మెక్‌రే గది. గవర్నమెంటే తనంతట తాను వచ్చి చూసిందని చెప్పు. నా పేరెత్తావో, చచ్చినా సంతకం పెట్టడు.”

వెర్లీన్ ఫారం మీదున్న పేరు మళ్ళీ చదివింది. “మరి... ఫోన్ చేసిన మీరెవరండీ?”

ముసలాయన కంచె తీగ పైకెత్తి, నడుం వంచి అవతలికి దూరాడు.

“ల్యాంబర్ట్‌ని.”