ఒక్క పుస్తకమంత ఖాళీ

మూడు వేల పుస్తకాలకు పాత తలుపులు కోసి నేనే అరలు చేసుకున్నాను. కంటికెదురుగా ఉన్న అరలో మాత్రం ఒక్క పుస్తకం పట్టేంత గూడు కొలిచి కట్టి, ఖాళీగా వదిలాను. దాని కింద చీటీ అంటించాను: "మా తోడికోడలు పట్టుకెళ్లింది. ఎనిమిదేళ్లయినా తేలేదు."

చుట్టాలందరినీ పిలిచి మరీ చూపించాను. తోడికోడలు చీటీ చదివి, మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. నా కసి తీరింది.

టీలు చల్లారకముందే ఆవిడ ఆ పుస్తకంతో, ఒక ఖాళీ గోనెసంచితో తిరిగొచ్చింది.

"మొదటి పేజీ అందరికీ వినపడేలా చదువు, చెల్లీ."

తెరిచాను. పుట్టింటి ఇంటిపేరుతో ఆవిడ సంతకం.

"నా పుస్తకం నేను పట్టుకెళ్లాను," అంటూ సంచి మూతి విప్పింది. "నావి మిగతా పదకొండూ ఏ అరలో పెట్టావు?"