లోడ్వార్ ఎంత దూరం?

"అరగంట" అన్నాడు పైలట్ లెసియాన్.

"మూడు రోజులు" అన్నాడు లారీ డ్రైవర్ ఎకాల్.

తుర్కానా సరస్సు ఒడ్డున లొయాంగలాని ఎయిర్‌స్ట్రిప్‌లో, విమానం రెక్క నీడలో కూర్చున్న సెయియన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమె కూతురు నైసులాను చేసుకుంటానని వచ్చాడు లెసియాన్. కాపురం సరస్సు అవతల, లోడ్వార్‌లో. ఉన్నది ఒక్కతే కూతురు. చూడాలనిపించినప్పుడు చూడలేనంత దూరమైతే పిల్లనివ్వనని సెయియన్ పొద్దుటి నుంచీ ఒకే మాట మీద ఉంది.

"మీరిద్దరూ చెప్పేది ఒకే ఊరి గురించేనా?"

"ఒకే ఊరమ్మా. నేను నీళ్ల మీదుగా ఎగిరిపోతాను. ఎకాల్ సరస్సు చుట్టూ తిరిగి, కొండలెక్కి దిగి, టైర్లు మార్చుకుంటూ వస్తాడు."

"మధ్యలో వాగు పొంగిందా, నాలుగో రోజు కూడా నాతోనే" అన్నాడు ఎకాల్.

"మరి పడవలో?"

"గాలి ఒప్పుకుంటే ఒక పూట" అన్నాడు సెయియన్ అన్న లెపారియో. "ఒప్పుకోకపోతే మొసలి పొట్టలోకి. అది ఇంకా దగ్గర."

సెయియన్‌కు తల తిరిగింది. "ఒకడు అరగంటంటాడు, ఒకడు మూడు రోజులంటాడు, ఇంకొకడు మొసలంటాడు. ఆ ఊరు ఒకచోట ఉంటుందా, నడుస్తుందా? ఇంతకీ నా పిల్ల నాకు దగ్గరా, దూరమా? అది తేల్చండి."

"మీకెందుకమ్మా ఈ లెక్కలు?" లెసియాన్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఈ సరస్సు దాటే విమానం ఇదొక్కటే. నడిపేది నేనొక్కడినే. ప్రతి గురువారం వస్తాను. నా పక్క సీటు మీది. ఇక్కడ టీ తాగి ఎక్కితే, ఆ గొంతు ఆరకముందే అక్కడ మీ అమ్మాయి చేతి టీ."

"ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే."

"తిరిగి ఎవరు దింపుతారు?"

"నేనే అంటున్నాగా."

"ఇంకేం కావాలమ్మా నీకు?" వెనక నుంచి నైసులా విసుక్కుంది.

సెయియన్ మొహం విచ్చుకుంది. "అన్నా, కన్యాశుల్కం ఆవుల్ని తోలుకురమ్మను. పిల్లనిచ్చాను" అంది. సొరబుర్రలోని పాలు చేతిలో పోసుకుని కూతురి మీదా, లెసియాన్ మీదా చిలకరించింది. పాలు చిలకరించాక మాట మార్చేది లేదు.

మరుక్షణం లెసియాన్ టోపీని కళ్ల మీదికి లాక్కుని, లేచి అటు తిరిగిపోయాడు. సెయియన్ కూడా ఏమీ ఆలోచించకుండానే పైగుడ్డ మొహం మీదికి కప్పుకుని ఇటు తిరిగింది.

ఎకాల్ తుర్కానా తెగ మనిషి. అతనికేమీ అర్థం కాలేదు. "ఏమైంది వీళ్లకి? ఇప్పటిదాకా బాగానే ఉన్నారుగా" అన్నాడు.

"అల్లుడైపోయాడు కదయ్యా" అన్నాడు లెపారియో. "మా సంబురు తెగలో అల్లుడు అత్త కంట పడకూడదు. ఒక కప్పు కింద ఇద్దరూ కూర్చోకూడదు."

అంటూనే అతను తలెత్తి విమానం వైపు చూశాడు. దాని చిన్న తలుపు వైపు, రెండే సీట్లున్న ముందు గది వైపు చూశాడు.

ఎకాల్ లేచి, తన లారీ తలుపు తెరిచి, సెయియన్ కోసం ముందు సీటు మీది దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.