రెండు వేళ్ళ సందు

వంటగది కిటికీ మళ్ళీ తెరిచి ఉంది.

రెండు వేళ్ళ సందు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. సందులో అరిగి నున్నబడ్డ చెక్కముక్క.

వెల్డరు దాన్ని లాగి బయట మంచులోకి విసిరేశాడు. అద్దం కిందికి దించి, గంప ఎత్తి చూశాడు. ఇరవై ఒక్క కోడిపిల్లల్లో రెండు కదలడం లేదు.

"చలికి పోయాయి. నీ ముసలాడి పుణ్యమా అని."

"నా ముసలాడేంటండీ," అంది భార్య, పొయ్యి మీద కూర కలుపుతూ.

పరాయి దేశం వచ్చి ఏడాదిన్నర. అతనికి డ్యూటీ ఉంది. ఆమెకు నాలుగు గోడలున్నాయి. పలకరించే దిక్కులేక మనిషి చిక్కిపోతుంటే, అట్టపెట్టెలో ఒక్కరోజు వయసు కోడిపిల్లల్ని తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఆ రోజు నుంచీ ఆమె మళ్ళీ నోరు విప్పింది, మళ్ళీ రుచిగా వండింది.

తల్లి లేని పిల్లలు. వెచ్చదనానికి గంప పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. ఊళ్ళో వాళ్ళమ్మ పంచలో అలాగే పెట్టి సాకేది. ఇక్కడ పంచ లేదు. తలుపు కింద గోనెపట్టా కుక్కి, పొద్దస్తమానం లోపలే కూర్చునేది.

రోజూ మధ్యాహ్నం ముసలాయన వచ్చేవాడు. అడుగుల చప్పుడు ఉండేది కాదు. బయటి నుంచే కిటికీ పైకెత్తి, చెక్కముక్క దూర్చి, ఆమె తలెత్తి చూసేదాకా నిలబడేవాడు. చూడగానే వెళ్ళిపోయేవాడు.

ఎక్కడ విసిరేసినా మర్నాటికి అదే చెక్కముక్క తిరిగొచ్చేది.

"భయం వెయ్యట్లేదూ?" అన్నాడు వెల్డరు.

"మొదట్లో వేసింది. కానీ చిత్రంగా, ఆయన వచ్చి వెళ్ళాక నా తలనొప్పి పోతుందండీ."

"మంత్రగాడన్నమాట. తాయెత్తు కూడా కట్టించుకో."

ఆమె నవ్వి, నిన్న గిన్నెలో కూర పెట్టి ఇస్తే తీసుకోలేదని చెప్పింది. కుంపటి వంక చూసి ఏడ్చాడట.

సెలవు రోజున వెల్డరు కాపుకాసి ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. ఆయన పెనుగులాడలేదు. వెల్డరుకు రాని భాషలో ఏదో చెప్పాడు. కుంపటి చూపించాడు. లోపలున్న ఆమెను చూపించాడు. తర్వాత రెండు చేతులతో తన పీక తానే నొక్కుకుని, కళ్ళు తేలేశాడు.

"చూశావా, నీ పీక పిసుకుతాడట," అని వెల్డరు ఒక్క తోపు తోశాడు.

మెట్టు మీద పడ్డాడు. మెల్లగా లేచాడు. చెక్కముక్క వెల్డరు అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

వెల్డరు సుత్తి తెచ్చి, కిటికీ చట్రానికి నాలుగు మేకులు కొట్టాడు. కొత్త చెక్కలోకి దిగినట్టు లేదు. రంగు కింద తెలిసిన దారి ఏదో ఉన్నట్టు, సులువుగా దిగిపోయాయి.

"గాలాడదేమోనండీ."

"మిగిలినవి బతకాలా, వద్దా?"

"బతకాలి," అంది.

మర్నాడు డ్యూటీ దిగి వస్తుంటే వీధిలోకి వినబడే కిచకిచలు లేవు.

కిటికీ అద్దం బయటి నుంచి పగిలి ఉంది. మంచు మీద కాలు ఈడ్చుకుంటూ వచ్చిన గీత, రక్తపు చుక్కలు. వచ్చినవాడు వచ్చాడు, కానీ కుంటి కాలితో చేరేసరికి పొద్దు వాలింది.

లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో గరిటె. బుగ్గలు ఎర్రగా, ఇప్పుడే పొయ్యి దగ్గర నుంచి లేచినట్టున్నాయి. గంప కింద పిల్లలన్నీ ఒక్క కుప్ప.

మూడుసార్లు పిలిచాడు.

మూసిన గదిలో బొగ్గుల నుంచి రంగూ వాసనా లేని విషం వస్తుందని డాక్టరు చెప్పాడు. వెల్డరుతో పనిచేసే క్రేన్ డ్రైవరు, మన భాషవాడే, దాన్ని తెలుగులో చెప్పాడు.

"రెండు వేళ్ళ సందున్నా బతికేదట అన్నా."

వారం తర్వాత వెల్డరు మేకులు పీకుతుంటే ఇంటి ఓనరమ్మ వచ్చింది. చట్రంలోని బొక్కలు వేలితో తడిమి, గొంతు తగ్గించి ఏదో అంది. సాయం వచ్చిన క్రేన్ డ్రైవరు వంగి ఆ బొక్కల్లోకి చూశాడు.

"ఏమంటోంది?"

"ఈ బొక్కలు నువ్వు చేసినవి కావట అన్నా. పాతికేళ్ళ కిందటివట. ఇదే వంటగదిలో, ఇలాంటి చలిలోనే, ఒకావిడ కోడిపిల్లల పక్కన కుంపటి పెట్టుకుని..."

"మేకులు కొట్టిందెవరు?"

కొట్టింది ఆవిడ మొగుడేనట, రోజూ కిటికీ తెరిచి వెళ్ళిన ఆ ముసలాయన.